300 డీపీఐ లేజర్ ప్రింటర్, 32 షేడ్ల చేతి స్కానర్: ఫొటో ఎందుకిలా గళ్ళు పడుతోంది?

పాతసరుకు486
మా పెదనాన్నగారి పాత 486 కంప్యూటర్‌ని అటక మీద నుంచి దించి బాగుచేశాను. విండోస్ 3.1, పేజీలు పేర్చే పేజ్‌మేకర్, చేత్తో లాగే స్కానర్ (105 మి.మీ. వెడల్పు), 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) లేజర్ ప్రింటర్, అన్నీ ప్రాణంతోనే ఉన్నాయి. తాతయ్య నలుపు తెలుపు ఫొటోని ఈ సరంజామాతోనే స్కాన్ చేసి, ఇందులోనే ప్రింట్ తీయాలని పట్టుదల. ఫోన్‌తో తీసి కలర్ ల్యాబ్‌కి ఇవ్వమని దయచేసి ఎవరూ సలహా ఇవ్వొద్దు.

స్కానర్ డబ్బా మీద "32 గ్రే షేడ్లు" అని పెద్ద అక్షరాలతో ఉంది. తెర మీద ఫొటో పర్వాలేదు. పేజ్‌మేకర్‌లో పేజీకి సరిపడా పెద్దది చేసి ప్రింట్ కొడితే మొహం నిండా గళ్ళు, అచ్చం లుంగీ డిజైనే. గడ్డం కింద అంతా నల్ల ముద్ద. పైగా పేజీ సగం వచ్చాక ప్రింటర్ 20 అని చూపించి ఆగిపోతోంది. కంటిన్యూ నొక్కితే మిగతా సగం ఇంకో కాగితం మీద వస్తోంది.

ఇప్పుడు కూడా ఫొటో ప్రింట్‌కి 300 చాలంటారు కదా. అప్పుడూ 300, ఇప్పుడూ 300. మరి తేడా ఎక్కడ?

ఎక్స్‌ట్రా_చట్నీ
పెద్దాయనకి లుంగీ కప్పి సన్మానం చేశారన్నమాట. శాలువా దొరకలేదా?

బెజవాడ_బ్లాక్‌మేకర్
రెండు 300లూ ఒకటి కాదు తమ్ముడూ. ల్యాబ్‌వాళ్ళు చెప్పే 300లో ఒక్కో చుక్కకీ 256 ఛాయలు ఉంటాయి. నీ లేజర్ ప్రింటర్ చుక్కకి రెండే గతులు: టోనర్ పడితే నలుపు, పడకపోతే కాగితం తెలుపు. బూడిద రంగన్నది ఆ మెషీన్‌లో ఎక్కడా లేదు. ఉన్నట్టు కంటిని నమ్మించాలి.

ఎలా అంటే, చిన్న చిన్న చుక్కల్ని ఒక గడిలో గుంపుగా పేర్చి పెద్ద చుక్క కడతారు. ముదురు చోట పెద్ద చుక్క, లేత చోట చిన్న చుక్క. దీన్నే మేం స్క్రీన్ అంటాం, అంగుళానికి ఇన్ని లైన్లని లెక్క. 300 డీపీఐ మీద 60 లైన్ల స్క్రీన్ వేస్తే గడికి 5×5, అంటే 25 చుక్కలు. తెల్ల కాగితంతో కలిపి 26 ఛాయలు. 53 లైన్లకి దిగితే 33 వరకూ వస్తాయి. పత్రికలా నున్నగా రావాలని 100 లైన్లు పెట్టావా, గడికి 3×3, మొత్తం 10 ఛాయలే. నున్నదనం కావాలంటే ఛాయలు పోతాయి, ఛాయలు కావాలంటే గరుకుగా వస్తుంది. 300లో దీనికి తప్పించుకునే దారి లేదు.

న్యూస్‌ప్రింట్ మీద 65 నుంచి 85 లైన్లు, ఆర్ట్ పేపర్ మీద 133, 150 వేసేవాళ్ళం. అందుకే అప్పట్లో పేజీ మొత్తం డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద, చేసినా ఫొటో చోటు ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఫొటోని ప్రాసెస్ కెమెరాలో స్క్రీన్ పెట్టి విడిగా తీసి, ఫిల్మ్‌ని అక్కడ అతికించేవాళ్ళం. పేజీని నేరుగా ఫిల్మ్ మీద కొట్టే ఇమేజ్‌సెట్టర్లు వచ్చాకే పేజీ, ఫొటో కలిసి ఒకే ఫిల్మ్ మీద రావడం మొదలైంది. లైనోట్రానిక్ 300 అనే దానికి 2540 డీపీఐ. దాని మీద 133 లైన్లు వేసినా గడికి 19×19 చుక్కలుంటాయి. 256 ఛాయలు దర్జాగా వస్తాయి.

గామా_గిరి
పైన చెప్పింది ప్రింటర్ సంగతి. కానీ ఆ గళ్ళు ప్రింటర్‌వి కావు.

పాతసరుకు గారూ, మీ స్కానర్ పక్కన ఒక స్విచ్ ఉంటుంది చూడండి. లెటర్ అని ఒకటి, ఫొటో బొమ్మలతో రెండు మూడు స్థానాలు. ఉందా?

పాతసరుకు486
ఉంది గిరి గారూ. లెటర్, తర్వాత మూడు ఫొటో గుర్తులు. నేను మూడోది పెట్టాను.

గామా_గిరి
దొరికింది. చవక చేతి స్కానర్లలో చాలా వాటికి 32 ఛాయలంటే నిజం ఛాయలు కావు. స్కానర్ తనలోనే బొమ్మని నలుపు తెలుపు చుక్కల నమూనాగా మార్చేసి, చుక్కకి ఒక్క బిట్ చొప్పున కంప్యూటర్‌కి పంపిస్తుంది. మీ దగ్గరున్న ఫైల్ గ్రే ఫైల్ కాదు, ముందే చుక్కలు కొట్టేసిన బొమ్మ. దాన్ని పేజ్‌మేకర్‌లో మూల పట్టుకుని లాగితే ఏమవుతుంది? కొన్ని వరుసలు రెండుసార్లు పడతాయి, కొన్ని పడవు. ఆ ఎగుడుదిగుడే మీకు గళ్ళుగా కనిపిస్తోంది.

సైజు మార్చకుండా ప్రింట్ చేయండి. మార్చక తప్పదంటే పేజ్‌మేకర్‌లో కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని లాగండి. ప్రింటర్ రిజల్యూషన్‌కి సరిగ్గా అతికే సైజుల దగ్గరే ఆగుతుంది. మ్యాజిక్ స్ట్రెచ్ అనేవాళ్ళు దాన్ని.

చిక్కడపల్లి_డీటీపీ
అబ్బ, ఆ కంట్రోల్ కీ! కొత్తగా చేరిన ప్రతి ఆపరేటర్‌కీ మొదటిరోజే చెప్పేదాన్ని, రెండో రోజే మర్చిపోయేవాళ్ళు. కరపత్రాల్లో అభ్యర్థి మొహం మీద గళ్ళు పడితే ఊరుకుంటారా?

చేతి స్కానర్‌తో ఇంకో తంటా ఉంది. మా మొదటి స్కానర్‌లో ఎర్ర దీపం. ఎర్ర వెలుతురులో ఎరుపు దానికి తెలుపులాగే కనిపిస్తుంది. ఒకాయన వాళ్ళమ్మగారి పెద్దకర్మ కార్డుకి కలర్ ఫొటో తెచ్చారు. ప్రూఫ్ చూసి ఆయన మొహం మాడిపోయింది. నుదుటన బొట్టు లేదు! "మా అమ్మ ముత్తైదువగా పోయింది, మా నాన్న ఇంకా ఉన్నారు, బొట్టు లేకుండా వేస్తారా" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. స్కానర్ సంగతి ఎంత చెప్పినా ఎక్కుతుందా ఆ సమయంలో. ప్రింట్ మీద రోట్రింగ్ పెన్‌తో గుండ్రంగా బొట్టు దిద్ది, దాన్నే ప్రెస్‌కి పంపాం. ఆ తర్వాత ఆడవాళ్ళ కలర్ ఫొటో ఏది వచ్చినా ముందు బొట్టు చూసుకోవడం అలవాటైపోయింది.

తర్వాత పచ్చ దీపం స్కానర్ కొన్నాం. దాంట్లో రివర్స్. బొట్టు, పెదాలు, తాంబూలం నోళ్ళు అన్నీ నల్లగా వచ్చేవి.

రిబ్బన్_బాబాయి
బొట్టు మాయం, భలే. మా తాతల కాలం స్టూడియో ఫొటోల్లో ఎరుపు నల్లగా పడేది, ఆ ఫిల్ముకి ఎరుపు కనిపించేది కాదు కాబట్టి. మళ్ళీ అదే కథన్నమాట, ఈసారి రెండు వైపులా.

మీరంతా లేజర్ దొరలు. మాది తొమ్మిది పిన్నుల డాట్ మ్యాట్రిక్స్. ఎప్సన్ ఎఫ్ఎక్స్ 80 తరహా మెషీన్‌లో ఒక్కో బైట్‌కి ఎనిమిది పిన్నులు, నిలువుగా అంగుళానికి 72 చుక్కలు. బొమ్మ వస్తోందని ప్రింటర్‌కి చెప్పే ఎస్కేప్, కె కోడ్లు, ఆ తర్వాత ఎన్ని నిలువు వరుసలో చెప్పి బైట్లు పంపాలి. ఆ ప్రోగ్రామ్ జీడబ్ల్యూ బేసిక్ భాషలో రాస్తే మొదటిరోజే దెబ్బ తినేవాళ్ళం, ఎందుకంటే 80 అక్షరాలు దాటగానే బేసిక్ తనంతట తానే లైను మార్చేస్తుంది. బొమ్మ మధ్యలో విరిగి, మిగతాదంతా పిచ్చి అక్షరాలు. ముందు విడ్త్ "ఎల్‌పీటీ1:", 255 అని కొడితే గానీ ఊరుకోదు. కాగితం సరిగ్గా ఎనిమిది చుక్కలంత జరగాలి, లేదంటే ప్రతి వరుసకీ మధ్య తెల్ల చార.

ఇక ఛాయల సంగతా? కొత్త రిబ్బన్ వేస్తే అంతా నలుపే. సగం వాడిన రిబ్బనే అసలైన గ్రే స్కేల్.

ఎక్స్‌ట్రా_చట్నీ
నా మొదటి గుర్తింపు కార్డు కూడా బాబాయి రిబ్బన్‌తోనే కొట్టినట్టున్నారు. అందులో ఉన్నది నేనో, మా ఇంటి నీళ్ళ ట్యాంకో ఇప్పటికీ తేలలేదు.

మ్యాక్‌ప్లస్_మామి
రిబ్బన్ మాట వచ్చింది కాబట్టి. 80ల్లో ఇక్కడ అమెరికాలో చదువుకునేటప్పుడు మా ల్యాబ్‌లో థండర్‌స్కాన్ ఉండేది. మ్యాకింటాష్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళలో ఒకరైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్, యాపిల్ వదిలాక దీనికి ప్రోగ్రామ్ రాశారు. ఇమేజ్‌రైటర్ ప్రింటర్‌లో రిబ్బన్ కార్ట్రిడ్జ్ తీసేసి, ఆ చోట సెన్సర్ బిగించడమే. ఫొటోని కాగితంలా రోలర్‌కి ఎక్కిస్తే ప్రింట్ హెడ్ అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో గీతా చదివేది. ప్రింటరే స్కానర్! ఫ్లాట్‌బెడ్ స్కానర్లు వేల డాలర్లు పలికే రోజుల్లో అది చాలా చవక. కానీ నిమిషాలకు నిమిషాలు పట్టేది. పుస్తకంలో బొమ్మ కావాలంటే పేజీ చింపాల్సిందే. మా లైబ్రేరియన్‌కి ఆ మెషీన్ అంటే మంట.

దాని గొప్పేమిటంటే అది నిజం గ్రే చదివేది. చూపించడానికే దిక్కులేదు. మ్యాక్ తెర 512×342, చుక్కకి ఒక్క బిట్. ఫైల్‌లో ఛాయలున్నా తెర మీద చుక్కల మాయే.

ఫొటోషాప్ పుట్టింది కూడా ఈ ఇబ్బంది నుంచే. 1987లో మిషిగన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ నోల్, నలుపు తెలుపు తప్ప ఇంకేం తెలియని మ్యాక్ ప్లస్ తెర మీద గ్రే బొమ్మలు చూపించడానికి చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. తమ్ముడు జాన్ దాన్ని చూసి ఇంకా కావాలని వెంటపడ్డాడు. 1990 ఫిబ్రవరిలో ఫొటోషాప్ 1.0 వచ్చింది. ఇంతకీ, ఫ్లాయిడ్ స్టైన్‌బెర్గ్ పద్ధతిలో డిదర్ చేస్తే, అంటే ఛాయల్ని విడివిడి నలుపు తెలుపు చుక్కలుగా మారిస్తే, సరిపోయేదానికి ఈ స్క్రీన్లూ లైన్లూ ఎందుకు?

బెజవాడ_బ్లాక్‌మేకర్
తెర మీద సరే అమ్మా. లేజర్‌లో వద్దు.

మ్యాక్‌ప్లస్_మామి
ఎందుకు వద్దు? 60 లైన్ల స్క్రీన్‌లో కళ్ళూ కనుబొమ్మలూ కలిసిపోతాయి. నేను చెప్పిన పద్ధతిలో, అదే ఎర్రర్ డిఫ్యూజన్‌లో, వెంట్రుక కూడా కనిపిస్తుంది. 1976లో కనిపెట్టారు, ఇప్పటికీ దాన్ని మించింది రావడమే కష్టంగా ఉంది.

గామా_గిరి
ఇద్దరిదీ సగం సగం నిజం.

తెలియనివాళ్ళ కోసం: ఫ్లాయిడ్ స్టైన్‌బెర్గ్‌లో ఒక్కో చుక్క దగ్గర నలుపా తెలుపా అని తేల్చాక, మిగిలిన తేడాని పారేయకుండా ఇంకా చూడని పొరుగు చుక్కలకి పంచుతారు. కుడివైపుకి 7/16, కింద వరుసలో ఎడమ నుంచి 3/16, 5/16, 1/16. మ్యాక్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళలో ఒకరైన బిల్ అట్కిన్సన్ వాడినది వేరే రకం. ఆరు పొరుగు చుక్కలకి 1/8 చొప్పున, అంటే మొత్తం 6/8 మాత్రమే పంచి మిగతాది వదిలేస్తుంది. అందుకే పాత మ్యాక్ బొమ్మల్లో తెలుపు మరీ తెల్లగా, నలుపు మరీ నల్లగా ఉండి, చూడ్డానికి కొట్టొచ్చినట్టు ఉంటాయి.

ఇబ్బంది ఎక్కడంటే ఈ పద్ధతుల్లో ఒంటరి చుక్కలు ఎక్కువ. కెనాన్ ఎస్ఎక్స్ ఇంజిన్ ఉన్న ప్రింటర్లు, లేజర్‌జెట్ 2తో సహా, నల్ల చుక్కని దాని గడి కంటే లావుగా కొడతాయి. గుంపు చుక్కలో ఆ లావు అంచుల్లోనే తేలుతుంది. ఒంటరి చుక్కల్లో ప్రతి చుక్కా లావెక్కి, మధ్య ఛాయలన్నీ ముదిరిపోతాయి. తాతయ్య గడ్డం కింద నల్ల ముద్దకి కారణాల్లో ఇదొకటి.

చిక్కడపల్లి_డీటీపీ
జెరాక్స్ తీసి చూడండి మామీ, అప్పుడు తెలుస్తుంది. గుంపు చుక్క జెరాక్స్‌కి నిలబడుతుంది. ఒంటరి చుక్కలు లేతచోట ఎగిరిపోతాయి, ముదురుచోట పూడిపోతాయి. మాకు వచ్చే పని అంతా జెరాక్స్‌కో, ట్రేసింగ్ మీద ప్రింట్ తీసి ఆఫ్‌సెట్‌కో వెళ్ళేదే. తెర మీద చూసుకుని మురిసిపోవడానికి ఎవరూ డబ్బులివ్వరు.

మ్యాక్‌ప్లస్_మామి
సరే, ఆఫ్‌సెట్‌కి మీ మాటే. గోడకి తగిలించుకునే ఒక్క ప్రింట్ అయితే మాత్రం నా మాటే. టోన్ ముందే లేత చేసుకుంటే లావు చుక్క సంగతి సర్దుకుంటుంది.

పాతసరుకు486
నాకు ఒక్క ప్రింటే కావాలి. కానీ నా స్కానర్ గ్రే ఇవ్వదన్నారుగా. మరి దేన్ని డిదర్ చేయను?

గామా_గిరి
400 డీపీఐ పెట్టి, ఫొటో గుర్తుల్లో బాగా సన్న చుక్కలున్నదాంతో స్కాన్ చేయండి. తర్వాత 4×4 చుక్కల గుంపుకి సగటు తీసి ఒక్క పిక్సెల్ చేయండి. 16 చుక్కల్లో ఎన్ని నల్లవో అన్నదే దాని ఛాయ. మొత్తం 17 ఛాయలు, 100 డీపీఐ. అది నిజమైన గ్రే ఫైల్, సైజు ఎంతైనా మార్చుకోవచ్చు. టర్బో సీలో ఇరవై ముప్ఫై లైన్ల ప్రోగ్రామ్, కావాలంటే రాసి పెడతాను.

ఇంకో దారి కూడా ఉంది. 1957లో అమెరికా ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన పసికందు ఫొటోని 176×176 చుక్కలుగా స్కాన్ చేశాడు. కంప్యూటర్‌లోకి ఎక్కిన మొదటి ఫొటో అదే. ఆ స్కానర్‌కీ నలుపు తెలుపు తప్ప రావు. ఏది నలుపు, ఏది తెలుపు అనే గీతని మార్చి మార్చి స్కాన్ చేసి, అన్నీ కలిపి గ్రే రాబట్టారు. మీ స్కానర్‌కీ లెటర్ మోడ్ ఉంది, వెలుగు తగ్గించి పెంచే చక్రం ఉంది.

రిబ్బన్_బాబాయి
గిరీ, ఫ్లాట్‌బెడ్ మీద నువ్వు చెప్పింది వేదం. చేతి స్కానర్‌ని రెండోసారి అదే దారిలో, అదే వేగంతో లాగమను చూద్దాం. నాలుగు స్కాన్లు కలిపితే తాతయ్యకి ఎనిమిది చెవులొస్తాయి.

ఎక్స్‌ట్రా_చట్నీ
చెవులెక్కువైతే మంచిదే, ఈ వాదన అంతా వినాలిగా.

చిక్కడపల్లి_డీటీపీ
బాబాయి చెప్పింది నిజం, ఒక్కసారి సరిగ్గా లాగడమే గగనం. ఫొటోని బల్ల మీద టేపుతో నాలుగు మూలలా అంటించండి. పక్కన స్టీలు స్కేలు పెట్టి, దాని అంచుకి ఆనించి లాగండి. రోలర్ జారిందంటే మొహం పొడుగ్గా సాగుతుంది. నున్నటి ఫొటో మీద జారుడు ఎక్కువ కాబట్టి పైన పల్చటి ట్రాన్స్‌పరెన్సీ షీటు వేయండి. నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి.

బెజవాడ_బ్లాక్‌మేకర్
అసలు ఫొటోయే కదా నీ దగ్గరున్నది? ఏ పత్రికలోనో అచ్చయిన బొమ్మ కాదు కదా? అచ్చు బొమ్మకి ముందే స్క్రీన్ ఉంటుంది. దాని చుక్కలూ స్కానర్ చుక్కలూ పోట్లాడి అలలు అలలుగా చారలొస్తాయి. అలాంటప్పుడు మేం కెమెరాలో ఫోకస్ రవ్వంత చెడగొట్టేవాళ్ళం.

పాతసరుకు486
అసలు ఫొటోనే, స్టూడియో ముద్ర కూడా ఉంది వెనకాల. మరి 100 డీపీఐ అంటే తక్కువ కాదా? ప్రింటర్ 300 కదా?

బెజవాడ_బ్లాక్‌మేకర్
తక్కువ కాదు. స్కాన్ రిజల్యూషన్ స్క్రీన్ లైన్లకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లుంటే చాలు. 53 లైన్లకి 100 దండి. 300లో గ్రే స్కాన్ తీసినా గడికి ఒక్క చుక్కే కదా, మిగతా వివరమంతా కొట్టుకుపోతుంది. సంతకాలు, కార్టూన్లు, లోగోలకి మాత్రం 300 ఉండాలి, వాటికి గ్రే అక్కర్లేదు.

చిక్కడపల్లి_డీటీపీ
ఈ ముక్క తెలియక ఎన్ని ఫ్లాపీలు తగలేశామో! 4×6 ఫొటో 300లో 256 ఛాయలతో తీస్తే 21 లక్షల బైట్లు పైమాటే, 1.44 ఫ్లాపీలో పట్టదు. ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లో పంపితే, ప్రెస్ దాకా వెళ్ళేసరికి రెండోది చదవదు. అదే 100లో తీస్తే రెండు లక్షల నలభై వేల బైట్లు.

మ్యాక్‌ప్లస్_మామి
స్కాన్ బొమ్మల్ని దాచే టిఫ్ ఫైల్ ఫార్మాట్ కూడా మొదట్లో, 1986లో, నలుపు తెలుపుకే పుట్టింది. అప్పటి డెస్క్‌టాప్ స్కానర్లకి అంతకు మించి రాదు కాబట్టి. గ్రే తర్వాత చేరింది. 1987 నాటి హెచ్‌పీ స్కాన్‌జెట్‌కి 16 ఛాయలే, రెండేళ్ళకి వచ్చిన స్కాన్‌జెట్ ప్లస్‌లో 256.

గామా_గిరి
ఇక 20 సంగతి. అది మెమొరీ చాలలేదని చెప్పడం. ఆ తరం లేజర్ ప్రింటర్లలో 512 కేబీ ఉండేది. ఏ4 పేజీ నిండా 300 డీపీఐ బొమ్మంటే పది లక్షల బైట్లు దాటుతుంది, ఇక ఎక్కడ పడుతుంది? 4×6 అంగుళాలకైతే రెండు లక్షల డెబ్భై వేలు, హాయిగా పడుతుంది. పేజీ నిండా కావాలంటే డ్రైవర్‌లో గ్రాఫిక్స్ రిజల్యూషన్ 150కి దించండి, గరుకుతనం మీ ఇష్టం. యాపిల్ లేజర్‌రైటర్‌లో 1985లోనే ఒకటిన్నర ఎంబీ పెట్టారు, ధర మాత్రం దాదాపు 7,000 డాలర్లు.

పాతసరుకు486
గిరి గారి ప్రోగ్రామ్ నడిపాను. స్కేలు పెట్టి లాగితే చెవులు రెండే వచ్చాయి బాబాయ్. 4×6లోనే ఉంచాను, 20 రాలేదు, గళ్ళు పోయాయి. డ్రైవర్‌లో డిదరింగ్ అని కోర్స్, ఫైన్, లైన్ ఆర్ట్ ఉన్నాయి. కోర్స్ పెడితే మొహం బాగుంది, కళ్ళజోడు ఫ్రేమ్ మాత్రం మెట్లు మెట్లుగా విరిగింది. ఫైన్ పెడితే ఫ్రేమ్ బాగుంది, గడ్డం కింద మళ్ళీ నలుపు.

గామా_గిరి
ఫైన్‌లోనే ఉంచి, డ్రైవర్‌లో ఇంటెన్సిటీ లేత వైపుకి జరపండి. తెర మీద వెలిసిపోయినట్టు కనిపించేంత లేతగా ఉండాలి ఫైలు. తెరని నమ్మొద్దు, కాగితాన్నే చూడండి.

బెజవాడ_బ్లాక్‌మేకర్
కోర్స్ పెట్టి కళ్ళజోడుని పెన్‌తో దిద్దుకో. చిక్కడపల్లి అమ్మాయి బొట్టు దిద్దలేదూ?

మ్యాక్‌ప్లస్_మామి
పెన్ను ఎందుకండీ! డ్రైవర్ డిదరింగే వదిలేసి, గిరి ప్రోగ్రామ్‌లో ఆ 17 ఛాయల్ని ముందు సాఫీగా 300 డీపీఐకి పెంచి, ఆ తర్వాత ఫ్లాయిడ్ స్టైన్‌బెర్గ్ చేసి ఒక్క బిట్ ఫైలుగా ఇవ్వమనండి. పేజ్‌మేకర్‌లో సైజు ముట్టుకోకుండా ప్రింట్ కొట్టాలి.

బెజవాడ_బ్లాక్‌మేకర్
రెండూ తీసి పక్కపక్కన పెట్టి ఇక్కడ చూపించు తమ్ముడూ. ఫోన్‌తో తీసేటప్పుడు కాస్త దూరం నుంచి తియ్యి, దగ్గరగా తీస్తే ఫోన్ కెమెరాకీ స్క్రీన్‌కీ పడక మళ్ళీ చారలొస్తాయి.